దారి నిండా గుంటలే

అరకు వెళ్లొచ్చినవాళ్లు కాఫీ గురించి రాశారు, గుహల గురించి రాశారు, పొగమంచు గురించి అవసరమైనదానికంటే ఎక్కువే రాశారు. నాకు మిగిలినవి గుంటలు. అందుకు విచారమేమీ లేదు. సర్వీసంతా రోడ్ల పనిలో గడిపి తెనాలిలో రిటైరయినవాణ్ణి. గుంటల గురించి రాసే అర్హత నాకు కాక ఇంకెవరికుంది అనుకుంటూనే రైలెక్కాను. ఆ అర్హత ఎంతటిదో మీరే చూద్దురుగాని.

ప్రయాణానికి కారణం ఒక పాట.

దారి నిండా గుంటలే బావా, సూసి నడవరా బావా
కాలు జారితే బావా, లెగనేవురా బావా

ఇలా నలుగురు కొండపిల్లలు పాడతారు. 'నేరేడుగుడ గుంటలు' అని వాళ్ల బృందం పేరు. పాడేదీ, ఆడేదీ, వాయించేదీ అందరూ ఆడవాళ్లే. ఆ పాట ఊళ్ల మీద పడ్డాక నాకు మనశ్శాంతి కరువైంది. మా వీధి చివర ఒక గొయ్యి ఉంది. దాన్ని నేను తవ్వలేదు, పూడ్చే అధికారం ఇప్పుడు నాకు లేదు. అయినా చవితి పందిట్లో మా వీధి ఆడవాళ్లంతా ఆ పాటకి ఆడుతూ, 'గుంటలే' అన్నప్పుడల్లా ముందు వరసలో కూర్చున్న నా వైపే చేతులు చాపారు. నేను ఉండ్రాళ్లు నములుతూ నవ్వు ముఖం పెట్టాను. ఆ తర్వాత పాలవాడి ఫోనులో అదే పాట. బడి వ్యానులో అదే పాట. చివరికి మా ఆవిడ దోసె తిరగేస్తూ కూనిరాగం తీసింది కూడా అదే.

విశాఖలో మా మరదలి ఇంట్లో ఏదో శుభకార్యానికి వెళ్లినప్పుడు, ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా, ఆ నలుగురినీ ఒకసారి చూసి వస్తానన్నాను. మా ఆవిడ అడ్డుచెప్పలేదు.

"వెళ్లి రండి. గుంటల్లేని రోడ్డు ఎక్కడైనా కనబడితే అక్కడే ఇల్లు చూడండి" అంది.

సొరంగంలో అపార్థం

అద్దాల బోగీలో సీట్లు దొరకలేదు. మామూలు బోగీలో కూర్చున్నాను. కొండలు అవే, సొరంగాలు అవే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతోపాటు పెద్దలు కూడా కేకలు పెడతారు. మా వైపు కరెంటు పోతే ఇంత సంబరం ఎవరికీ ఉండదు.

ఎదురుగా శృంగవరపుకోటలో ఎక్కిన ఒకావిడ, పక్కన కాలేజీ చదివే కూతురు. ఆవిడ డబ్బా మూత తీసి నాకో నువ్వుండ పెట్టింది. నువ్వుండ తిన్నాక మాటాడకపోతే మర్యాద కాదు.

"ఎక్కడికెల్తన్నారు బావూ?"

"అరకమ్మా."

"ఏటి పని మీద?"

"గుంటల్ని చూడ్డానికి" అన్నాను గర్వంగా.

ఆవిడ నవ్వు సగంలో ఆగిపోయింది. నాకు అర్థం కాలేదు. నేనెవరో ఏమిటో తెలియక భయపడుతోంది కాబోలు, కాస్త పరిచయం చేసుకుంటే సరిపోతుందనుకున్నాను.

"ఉద్యోగం చేసినన్నాళ్లూ గుంటల వెంటే తిరిగానమ్మా. ఎక్కడ గుంట కనబడినా జీపు ఆపి దిగి, టేపు పెట్టి కొలతలు తీసుకునేవాణ్ణి. రిటైరైనా మనసు ఊరుకోదు. ఇప్పటికీ దారిలో గుంట కనబడితే ఆగి చూడకుండా ఉండలేను."

ఆవిడ కూతుర్ని కిటికీ వైపుకి లాగేసింది. నువ్వుండల డబ్బా మూత పడిపోయింది. అప్పుడే సొరంగం వచ్చింది. చీకట్లో పిల్లలు కేకలు పెట్టారు. వెలుతురు వచ్చేసరికి ఆవిడ చేతిలో మడిచిన గొడుగు ఉంది, అది నా తలకు మరీ దూరంగా లేదు.

"వయసొచ్చింది గానీ సిగ్గు రానేదేటి?" అంది.

నేను గాభరాపడి, "అదేంటమ్మా, కొలవకపోతే తారు ఎంత పడుతుందో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

ముందు నవ్వింది కూతురు. ఎంత నవ్విందంటే మాట రావడానికి కొంతసేపు పట్టింది. "అమ్మా, గోతులే! ఆయన గోతుల్ని గుంటలంటన్నారు!"

గొడుగు కిందికి దిగింది. డబ్బా మూత మళ్లీ తెరుచుకుంది. "గోతులనండి బావూ! గుంటలంటే మా కాడ ఆడపిల్లలు. గుంటడంటే మొగపిల్లోడు. ఇంకెవురి కాడా ఇలగనీకండి, తన్నీగల్రు" అని రెండో నువ్వుండ పెట్టింది.

నేను దాన్ని చేత్తో పట్టుకుని కూర్చుండిపోయాను. దారి నిండా గుంటలే బావా. దారి నిండా పిల్లలే బావా. చూసి నడువు. కాలు జారితే లేవలేవు. ఏ ఇంజనీరునీ తిట్టిన పాట కాదది. మరదళ్లు బావను ఆటపట్టించే పాట. మా వీధి ఆడవాళ్లంతా పందిట్లో నా వైపు చేతులు చాపి ఏం పాడారో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. ఈ సంగతి మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని బొర్రా దాటేదాకా ఆలోచించి, వద్దనుకున్నాను.

అరకులో కీర్తి ఖరీదు

అరకులో ప్రతిదానికీ ఒక ధర ఉంది. వలిసె చేలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. చేలోకి దిగి ఫోటో తీసుకుంటే మనిషికి ఇరవై రూపాయలు. మా వైపు చేలోకి దిగితే తిట్లు ఉచితం. బొంగు చికెన్ తిన్నాను. వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చిన కోడి, నూనె చుక్క ఉండదు, మెత్తగా, పొగవాసనతో బాగుంది. కారం సరిపోలేదని ఇంకాస్త అడిగితే, కాల్చే మనిషి నన్ను జాలిగా చూసి, "మీది గుంటూరు జిల్లా కాదేటి" అన్నాడు. ఊరి పేరులోనే గుంట ఉన్న జిల్లా నుంచి వచ్చానని అప్పుడే స్ఫురించింది.

నేరేడుగుడకి దారి అడగడానికి ఒక కాఫీపొడి దుకాణంలో ఆగాను. యజమాని సత్యంగారు విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యాపారి. దుకాణం ముందు ఆ నలుగురి బొమ్మతో ఫ్లెక్సీ. 'గుంటలు తాగే కాఫీ' అని దాని మీద రాసి ఉంది.

"తాగుతారా?" అన్నాను.

"ఆళ్లకి అంబలుంటే సాలు మాస్టారూ. తాగేది టూరిస్టులు" అన్నాడాయన.

ఆ బృందం పుట్టిన కథ ఆయన నోటే విన్నాను. ఇక్కడి ఆడవాళ్లు వరసగా నిలబడి, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడేదాన్ని థింసా అంటారు. తుడుము, డప్పు వాయించేది మగవాళ్లు. తుడుమంటే చిన్న బాన లాంటి వాయిద్యం. కొన్నాళ్ల క్రితం ఒక రిసార్టు వచ్చి నేరేడుగుడ మగవాళ్లందరికీ ఉద్యోగాలిచ్చింది. రోజూ సాయంత్రం యూనిఫాం వేసుకుని టూరిస్టుల ముందు సంప్రదాయ కళ ప్రదర్శించాలి. దాంతో ఊళ్లో సంప్రదాయ కళకు వాయించేవాడు లేకుండా పోయాడు. చైత్రం పండక్కి ఆడవాళ్లు పక్క ఊరికి ఆడుతూ వెళ్లడం ఆనవాయితీ. బయల్దేరే వేళకి మగవాళ్లంతా డ్యూటీలో ఉన్నారు. అప్పుడు సుకురి అనే ఆవిడ అటక మీదున్న మొగుడి పాత తుడుము దించి మెడలో వేసుకుంది. మిగతా ముగ్గురూ పాట అందుకున్నారు. ఎవరో ఫోనులో తీశారు.

"కొండ మీద సూసినోల్లు ఎకసెక్కంగా నవ్వుకున్నారు. కింద సూసినోల్లు 'ఆహా, రోడ్లు బాగోలేవని ఎంత ధైర్నెంగా పాడినారో' అన్నారు. ఒక టీవీవోళ్లయితే గోతిలో దిగబడ్డ లారీ బొమ్మేసి ఈ పాటెట్టీసినారు. ఇంకేటుంది మాస్టారూ, అయిపోనాది!"

తర్వాత పిలుపులే పిలుపులు. కాలేజీ ఉత్సవాలు, పెళ్లిళ్లు, టైర్ల షోరూం ప్రారంభం, సిమెంటు డీలర్ల విందు. టైర్లవాళ్లకి ఆడపిల్లల పాటంటే ఇంత మోజేమిటో ఆ నలుగురికీ చాలాకాలం అర్థం కాలేదట. ఒక ఇంటర్వ్యూలో యాంకరమ్మ "మీ ఊళ్లో గుంటలు ఎంత లోతుంటాయి?" అని అడిగితే, అందరికంటే చిన్నదైన ఆయ్తి బాగా ఆలోచించి, "ఒక్కోళ్లది ఒక్కో లోతండి" అందట. ఆ ముక్కని కూడా జనం లక్షణంగా పంచుకున్నారు. విజయనగరంలో 'ఒరిజినల్ గుంటలు' అని నకిలీ బృందం కూడా లేచింది.

"అన్నిటికంటే గొప్ప పని రోడ్డు. పాట దెబ్బకి పైవోళ్లు కంగారుపడి బేగి రోడ్డేయించీసినారు" అన్నాడు సత్యంగారు. నాకు చాలా సంతోషం వేసింది. అపార్థం మీద పునాది వేసినా రోడ్డు రోడ్డే కదా.

డుంబ్రిగుడ సంత

సుకురి సంతకి వస్తుందని సత్యంగారు చెప్పాడు. ముప్పై దాటిన మనిషి, ముక్కుకి రెండు వైపులా బేసర్లు, ముందర గోనె మీద అల్లం కుప్ప. టైర్ల షోరూం ప్రారంభించిన మనిషి అల్లం అమ్ముకుంటుందని నేను అనుకోలేదు. ఆ మాటే అనేశాను.

"పాట ఎక్కడికెల్తాది బావూ, మన కాడే ఉంటాది. అల్లమయితే కుల్లిపోద్ది" అంది.

నేనున్న కాసేపట్లో ఆరేడుగురు వచ్చి ఆవిడ పక్కన కూర్చుని ఫోటోలు దిగారు. ఒక్కరూ అల్లం కొనలేదు. సిగ్గేసి నేను రెండు కిలోలు కొన్నాను. అంత అల్లం ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ మాట్లాడేటప్పుడు రెండు వేళ్లు తక్కెడ అంచు మీద ఆడుతూనే ఉన్నాయి.

ఆ నలుగురి పేర్ల సంగతి అడిగాను. పుట్టిన వారాన్ని బట్టి పెడతారట. సుకురి శుక్రవారం, గురుబారి గురువారం, సొంబారి సోమవారం, ఆయ్తి ఆదివారం. ముహూర్తం చూడక్కర్లేదు, ఖర్చు లేదు, పుట్టినరోజు మర్చిపోయే ప్రమాదమూ లేదు. మా ఇంట్లో మనవడి పేరు కోసం రెండు కుటుంబాలు నెల్లాళ్లు మాటలు మానేశాయి.

"బాగా సంపాదిస్తున్నారా?" అన్నాను.

"ఒచ్చినప్పుడొస్తాది. ఇప్పుడు ఐదరాబాదు కంపెనీ బావు ఒచ్చాడు. అక్కడే ఇల్లిచ్చి, నెలనెలా జీతమిచ్చి, పాటలు తీయిస్తాడంట." అల్లం మీది మట్టి దులుపుతూ, అదే గొంతుతో, "ముగ్గుర్నే రమ్మన్నాడు" అంది.

"ముగ్గురా? మీరు నలుగురు కదా?"

"నాకు గుంటడున్నాడు కదా బావూ. నానింక గుంటని కాదంట. ఆంటీనంట." నవ్వింది. "దరువు కంపూటర్లో ఉంటాదంట. నాను కొట్టక్కర్లేదు. మజ్జాన్నం ఊరొచ్చి సంతకాలెట్టించుకుంటాడు. నువ్వూ రా బావూ, కోడి కోస్తాం."

కోడి కోసం కాదు, ఆ సంతకాలు చూడకుండా దిగిపోవడం నావల్ల కాలేదు.

రోడ్డు ఆగినచోటు

సంత నుంచి షేరు జీపులో, ఒడిలో అల్లంతో, సుకురితోపాటు బయల్దేరాను. కొత్త రోడ్డు చూసి కళ్లు చెమర్చాయంటే నమ్మండి. నల్లగా, నునుపుగా, మలుపుల్లో వాలు సరిగ్గా పెట్టి వేశారు. ఇది ఏ చెయ్యి వేసిందో గానీ దండం పెట్టాలనుకుంటుండగా జీపు ఆగింది. ముందర టూరిస్టులు లోయ చూడ్డానికి కట్టిన చప్టా, ఇనుప రెయిలింగు, 'ఐ లవ్ అరకు' అని ఎర్ర అక్షరాలు. రోడ్డు అక్కడితో అయిపోయింది.

"ఊరేది?" అన్నాను.

సుకురి ఎదుటి కొండ చూపించింది. ఊరు అక్కడుంది. మధ్యలో ఎర్రమట్టి బాట, నిన్నటి వానకి అంబలిలా ఉంది.

జరిగిందేమిటంటే, బృందం పేరు పెరిగాక ఎవరో మంచి కెమేరాతో పాటని మళ్లీ తీశారు. వెనక లోయ అందంగా కనబడుతుందని ఈ చప్టా ఉన్నచోట తీశారు. రోడ్డు వేయమన్నవాళ్లు వీడియో చూసి, పాడిన స్థలం గుర్తుపట్టి, సరిగ్గా అక్కడికి రోడ్డు వేశారు. ఎవరు వేయించారని అడక్కండి, నాకు ఉన్న స్నేహితులే తక్కువ.

బాటలో కొంతదూరం పోయాక ఒక కల్వర్టు కనబడింది. అటూ ఇటూ రోడ్డు లేదు. కల్వర్టు మాత్రం రంగు వేయించుకుని నిలబడి ఉంది.

"దీన్నెప్పుడు కట్టారు?"

"మా యమ్మ పెల్లికి ముందే ఉన్నాదంట" అంది సుకురి. "రోడ్డొచ్చినప్పుడు పనికొస్తాదని."

గుంట ఎవరు?

నేరేడుగుడలో సామబియ్యం అన్నం, నాటుకోడి పులుసు, ఆకుదొన్నెల్లో చోడి అంబలి, అంటే మా రాగిజావ. మా వైపు అతిథికి వద్దన్నా వడ్డిస్తారు. ఇక్కడ వద్దంటే నిజంగానే మానేశారు. రెండోసారి అడుగుతారని చూడకుండా మొదటిసారే సరేననడం మంచిది.

కంపెనీ కుర్రాడి పేరు ప్రవీణ్. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. చెడ్డవాడేం కాదు. అంబలి రెండు దొన్నెలు తాగాడు, పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడు. మగవాళ్లు రిసార్టు డ్యూటీకి పోయారు గనక, అరుగు మీద ఆ నలుగురూ, సుకురి తల్లి, నేను, అతను మిగిలాం.

"సార్, మీరు పెద్దవాళ్లు, మీరే చెప్పండి" అన్నాడు నాతో. "బ్రాండ్ క్లియర్‌గా ఉండాలి. గుంటలంటే గర్ల్స్. ముగ్గురు యంగ్ గర్ల్స్, ఒక ఆంటీ అంటే జనం కన్‌ఫ్యూజ్ అయిపోతారు. నెక్స్ట్ సాంగ్ 'గుంటలు టూ', డ్రైనేజీ మీద ప్లాన్ చేస్తున్నాం."

"డ్రైనేజీ మీదేటి?" అంది ఆయ్తి.

"సమస్యల మీదే కదా అక్కా మీ ఫేం అంతా."

వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బృందం పేరుకి అర్థం తెలిసినా పాటలోవి గోతులే అనుకుంటున్నాడు, ఇతనికి ఇంకా గొడుగు చూపించినవాళ్లు లేరని నాకు అర్థమైంది.

ఆయ్తికి హైదరాబాదు వెళ్లాలని ఉంది, అది దాని ముఖం మీదే రాసుంది. ఒకసారి ఏదో ప్రదర్శనకి విమానం ఎక్కించినప్పుడు చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన దూదిని ఇంకా దాచుకుందట. పద్దెనిమిదేళ్ల పిల్ల, ఎలా తప్పుపడతాం? సుకురే లేచి, "ఎల్లండే. ఊరికే ఒచ్చిన దాన్ని కాలదన్నుకోకండి. నాను ఇక్కడే ఉంటాను, గుంటడున్నాడు, అల్లమున్నాది" అంటూ దొన్నెలు ఏరడం మొదలుపెట్టింది. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో దొన్నె మాత్రం నలిగిపోయింది.

ఇంట్లోంచి సుకురి తల్లి కేక వేసింది: "ఓలె గుంటా! ఆ నీల్లకుండ ఇలగట్టుకురా!"

ప్రవీణ్ చుట్టూ చూశాడు. "ఏ గుంటని పిలుస్తోంది?"

"నన్నే" అంది సుకురి.

"మా యమ్మకి అరవై ఒచ్చినా, మా యమ్మమ్మ దాన్ని గుంటనే అనీది" అంది గురుబారి. అందరికంటే పెద్ద గొంతు దానిదే, ఆ పూట మొదటిసారి మాట్లాడటం అప్పుడే. "బావూ, ఒక మాట. నలుగుర్లో ఒక గుంటని తీసీసినావనుకో, మిగిలీది గుంటలు కాదు. గుంటే."

నేను ఉలిక్కిపడ్డాను. గుంటకున్న రెండో అర్థం వీళ్లకి తెలియదని ఎందుకనుకున్నానో! టైర్ల షోరూముల చుట్టూ తిరిగొచ్చినవాళ్లాయె.

ప్రవీణ్ ఎగిరి గంతేశాడు. "సూపర్ లైన్ అక్కా! హుక్ అంటే ఇదీ!" అని ఫోనులో రాసేసుకున్నాడు. రాసుకుని, "దీన్ని ముగ్గురితో రికార్డ్ చేద్దాం" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సంతకాలూ పెట్టలేదు. వైజాగ్ చేరేలోగా ఫోన్ చేసి చెప్పమని, లేకపోతే విజయనగరంలో ఇంకో బృందం సిద్ధంగా ఉందని చెప్పి అతను లేచాడు. కారులో చోటుంది రమ్మంటే నేనూ ఎక్కాను. ఆయ్తి కళ్లలో నీళ్లు తిరగడం అద్దంలోంచి చూశాను.

గుంటలో

కల్వర్టు దగ్గర కారు దిగబడింది. ఎడమ వెనక చక్రం సగం లేదు. అతను రేసు చేసినకొద్దీ మిగతా సగం కూడా పోయింది.

వృత్తి ధర్మం కొద్దీ నేను దిగి పరిశీలించాను. లోతు, వెడల్పు, నీటిమట్టం అన్నీ చెప్పాను. అతను ఓపిగ్గా విని, "తీయడం ఎలా సార్?" అన్నాడు. పూడ్చడం తెలుసుగానీ తీయడం నా శాఖ కాదు. రాళ్లు వేయించాను. మునిగాయి. ఇద్దరం కలిసి తోశాం. నేను జారి, అల్లం సంచీతో సహా కూర్చున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నవాడు కాళ్లకే పరిమితమైన అదృష్టవంతుడు.

ఊరు కేకదూరమే. ప్రవీణ్ చేతులు నోటి దగ్గర పెట్టుకుని, "అక్కా! అందరూ రండి! గుంటలందరూ రండి!" అని అరిచాడు.

నలుగురూ వచ్చారు. ముగ్గురు చీర కుచ్చెళ్లు దోపుకుని కారు వెనక్కి వెళ్లారు. సుకురి గొడుగు వేసుకుని కల్వర్టు మీద కూర్చుంది.

ముగ్గురూ తోశారు. ఒకరు తోసినప్పుడు ఒకరి కాలు జారింది, ఇంకొకరు ఊపిరి తీసుకుంటున్నారు. కారు కదల్లేదు. "బీట్ ఉంటే కలిసి తోయగలరు" అని ప్రవీణ్‌కి తోచింది. ఫోనులో ఉన్న కంప్యూటర్ దరువుని కారు స్పీకర్లలో పెద్దగా పెట్టాడు. దరువు బ్రహ్మాండంగా ఉంది. కాళ్లు బురదలో ఉన్నాయో గట్టిమీద ఉన్నాయో దానికి పట్టలేదు, దాని దారిన అది పోయింది. సొంబారి మోకాళ్ల మీద పడింది. ఆయ్తికి నవ్వాగలేదు.

ప్రవీణ్ కల్వర్టు వైపు చూశాడు. "ఆంటీ, మీరు కూడా కాస్త..."

సుకురి వెనక్కి తిరిగి చూసుకుంది, ఎవరినో పిలిచాడన్నట్టు. "లెక్కలో ముగ్గురే కద బావూ" అంది.

"అక్కా, ప్లీజ్."

సుకురి గొడుగు తిప్పింది.

అతను నా వైపు చూశాడు. నేను పాంటు మీది బురద గీక్కుంటున్నాను. ముందు గొయ్యి, వెనక ముగ్గురు ఆడవాళ్లు, పైన మబ్బు. చివరికి, నోరు తిరగనివాడిలా, చాలా చిన్నగా, "గుంటా... రామ్మా" అన్నాడు.

"వినబడనేదు" అంది గురుబారి.

"గుంటా! రా!"

సుకురి గొడుగు మడిచి దిగింది. స్పీకర్లు కట్టెయ్యమంది. కారు డిక్కీ మీద అరచేయి ఆనించి, ముగ్గురి పాదాల వైపు చూస్తూ నిలబడింది. మొదట చాలాసేపు ఏమీ వాయించలేదు. కాళ్లు నిలదొక్కుకున్నాక ఒక దెబ్బ వేసింది. ఆగింది. ఇంకొకటి వేసింది. ముగ్గురూ ఒక్క మనిషయ్యారు. దారి నిండా గుంటలే బావా. సూసి నడవరా బావా. కాలు జారితే దరువు ఆగింది, నిలబడితే అందుకుంది. నాలుగో చరణానికి కారు గోతిలోంచి లేచి, ప్రవీణ్ తెల్ల చొక్కా మీద ఎర్రమట్టి ముగ్గు పోసి, గట్టెక్కింది. నాకు ఎంత ఆనందం వేసిందంటే, ఆ గొయ్యి పూడ్చాలనే ఆలోచన కూడా రాలేదు.

ప్రవీణ్ ముఖం తుడుచుకున్నాడు. బురద అంటిన కాగితాలు సీటు మీంచి తీసి, "మరి హైదరాబాదుకి ఎంతమంది వస్తున్నట్టు?" అని అడిగాడు.

గురుబారి చేతులు కొంగుకి తుడుచుకుంది. "గోతిలో ఉన్నప్పుడు ఎంతమందిని పిలిచినావు బావూ?"

అతను ఒక్కొక్కరినీ చూశాడు. "నలుగుర్ని" అన్నాడు.

"అంతమందిమే."

అతను 'ముగ్గురు' అన్నచోట కొట్టేసి రాయడానికి పెన్ను తీస్తే అది బురదకి పలకలేదు. నా జేబులో పెన్ను తీసిచ్చాను. నా సర్వీసులో అంత ఇష్టంగా ఏ సంతకానికీ పెన్ను ఇవ్వలేదు.

అప్పుడే ఊళ్లోంచి సుకురి తల్లి కేక వినబడింది.

"ఓలె గుంటా! బేగి రా!"

ఏ గుంటో చెప్పలేదు. నలుగురూ ఒక్కసారే తలలు తిప్పి, "వత్తన్నాం" అన్నారు.